మగ్గం గుంతలో కంబళి పుల్లలు

మా ఆయన పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళు చాలామంది ఆయనకు ఓర్పు ఎక్కువ అన్నారు. ఆయన పనిచేసిన ఆఫీసువాళ్ళు ఫోటోకు దండ వేసి మాట్లాడినప్పుడు కూడా అదే మాట. ఒకాయన ఆ మాటను సాగదీసి భూదేవి దాకా వెళ్ళాడు. నేను తల వంచుకొని విన్నాను. అలాంటి చోట లేచి కాదనడం బాగుండదు.

కానీ అది నిజం కాదు. ఆయనలో మంచి గుణాలు చాలా ఉండేవి, ఓర్పు మాత్రం లేదు. పొయ్యి మీది అన్నాన్ని మూత తీసి తీసి చూసి పలుకు చేసేవాడు. స్టేషనుకు పోతే రైలు వేళకు చాలా ముందే ప్లాట్‌ఫారం అంచున నిలబడి పట్టాల వైపు వంగి చూసేవాడు, చూస్తే త్వరగా వస్తుందన్నట్టు. పోయిన మనిషి మీద లేని గుణాలు కప్పితే ఉన్న మనిషి కనపడకుండా పోతాడు. నాకు ఆయన కనపడాలి. అందుకని కంబళి చెట్టు సంగతి రాస్తున్నాను.

కంబళి చెట్టంటే మల్బరీ. హిందూపురం చుట్టుపక్కల రేష్మె చెట్టు అంటారు. మా అవ్వ మాత్రం కంబళి చెట్టనే అనేది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అమ్మను కన్న అవ్వే నన్ను పెంచింది. నా పెళ్ళయి నేను హిందూపురం వచ్చేశాక ఆమె పెనుకొండలో ఒక అద్దె ఇంట్లో ఒక్కతే ఉండేది. కొడుకు లేక కాదు. మా మేనమామ మడకశిర దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచేవాడు. ఆ ఇంట్లో మనుషులకన్నా పురుగులకే చోటు ఎక్కువ. అవ్వకు నశ్యం అలవాటు. పొగాకు గాలి తగిలితే చాలు, పురుగులు చచ్చిపోతాయి.

"నా ముక్కుపొడి వాని పురుగులకు పడదంట. వాని పురుగులు నాకు పడవు. ఒక ఇంట్లో ఎవురో ఒకరే ఉండాల. అవి వేలకు వేలుండాయి, నేనొక్కదాన్ని. నేనే వచ్చేసినా" అని చెప్పేది, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ. తగాదా ఏమీ లేదు. మేనమామ నెలకొకసారి వచ్చి రాగులు, బియ్యం దించి, తల్లి చేతి కాఫీ తాగి పోయేవాడు. పోయేముందు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కొనేవాడు. అది చూసి అవ్వ కావాలని ఒక చిటికెడు పీల్చేది.

అవ్వ అద్దె ఇంటి పెరట్లో, బట్టలుతికే బండ పక్కన ఒక కంబళి చెట్టు ఉండేది. ఎవరు నాటారో ఇంటాయనకు కూడా తెలియదు. మేనమామ తోటలోవి ఇలాంటి చెట్లు కావు. తోటలో రేష్మె చెట్టును మనిషి ఎత్తు కూడా దాటనివ్వరు. ఆకు కోసం కోస్తూనే ఉంటారు, కాయ కాసే తీరిక దానికి ఉండదు. కొడుక్కు అంత తోట ఉన్నా తల్లికి అందులో ఒక్క పండు దొరికేది కాదు. పెనుకొండ చెట్టు మాత్రం గోడ దాటి, ఇంటి కప్పు దాటి పెరిగింది. దాని పండ్లు వేలంత పొడవు, నల్లగా, ముట్టుకుంటే చేతికి రంగంటేవి.

ఆ పండ్లు అవ్వకు ఎందుకంత అవసరమో చెప్పాలి. ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు. కట్టించుకోమంటే ఒప్పుకోలేదు. జామకాయ కొరకలేదు, చెరకు నమలలేదు, మామిడిపండుకు పీచు, నేరేడుకు గింజ. కంబళి పండుకు తొక్క లేదు, పీచు లేదు, ఉమ్మవలసింది ఏమీ లేదు. నాలుక మీద పెట్టుకొని అంగిలికి నొక్కితే చాలు. ఎండలు ముదరక ముందు కాపు వచ్చే ఆ కొద్ది రోజులు ఆమె మధ్యాహ్నం అన్నం మానేసేది. మేము పోతే ఊదారంగు పెదవులతో వాకిట్లో నిలబడి ఉండేది. తిన్నావా అని అడిగితే లేదనేది.

తొంభైల్లో ఒక ఏడాది ఆ ఇంటాయన పెరట్లో షాపు గదులు కట్టాలనుకున్నాడు. వానలు తగ్గగానే చెట్టు కొట్టేసి పునాది తవ్వుతానన్నాడు. అవ్వను మా ఇంటికి తెచ్చుకుందామని మేమిద్దరం అడగడానికి పోయాం. ఆమె అంత తేలికగా ఒప్పుకుంటుందని అనుకోలేదు.

"వస్తాలే. ఈడ ఇంక నాకేముండాది? ఈసారి కాపుతో నాకు పండు అయిపాయె" అంది.

మా ఆయన వెంటనే అన్నాడు: "చెట్టును కూడా తీసుకొని పోదాం అవ్వా."

"యాడ పెట్టుకొని? నెత్తినా?"

"కొమ్మ కోసి నాటితే వస్తాదంట."

"ఎప్పుడొస్తాదంట? నేను తినేలోపలా, నా తిథికి వచ్చినోళ్ళు తినేలోపలా?"

"నువ్వు తినేలోపల. నాది పూచీ."

మా ఆయన ఇలాంటి పూచీలు చాలా పడేవాడు. అవ్వ నవ్వింది కానీ నేను ఆమె ముఖం చూశాను. ఆమె నమ్మాలనుకుంటోంది.

ఆయన ధర్మవరం మనిషి. వాళ్ళది నేతపని ఇల్లు. తరాలుగా పట్టు నేసినా వాళ్ళింట్లో ఎవరూ మల్బరీ ఆకును చూసి ఎరగరు. వాళ్ళకు పట్టు అంటే దారంగా మొదలయ్యేది. అందుకని ఆయన కొమ్మ నాటడం ఎలాగో హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్‌కు వచ్చే రైతులను అడిగాడు. అందరూ ఒకటే చెప్పారు: "దాన్లో ఏముండాది సార్, గుచ్చితే వస్తాది." ఒకతను కళ్ళు మూసుకొని గుచ్చినా వస్తుందన్నాడు. ఎంత లావు పుల్ల, ఎన్ని కణుపులు, ఏ మట్టి అని అడిగితే మాత్రం ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పలేదు. మనం అన్నం ఎలా తింటామో ఎవరైనా అడిగితే చెప్పలేము కదా, అలాగే.

మా ఆయన పెనుకొండ నుంచి కొమ్మలు కోసుకొచ్చి, జానెడు పుల్లలుగా నరికి, ఖాళీ నూనె డబ్బాల్లో మట్టి నింపి గోడ వెంబడి వరసగా గుచ్చాడు. హిందూపురంలో నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. కొళాయి ఏ రోజు వస్తుందో దానికే తెలియదు. ఆయన స్నానానికి రెండు చెంబులు తగ్గించుకొని అవి డబ్బాలకు పోసేవాడు. ఎండాకాలంలో ఆ త్యాగం మేము దూరం నుంచే పసిగట్టేవాళ్ళం.

కొన్నాళ్ళకే పుల్లలన్నీ చిగురించాయి. ఆయన ఆనందానికి హద్దు లేదు. వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించాడు. నేను అప్పుడు ఒక మాట చెప్పాను. ఆకు రావడం గొప్ప కాదనీ, పుల్లలో దాచుకున్న బలంతోనే చిగురు వస్తుందనీ, వేరు పడితేనే మొక్క బతికినట్టనీ ఏదో పుస్తకంలో చదివాను.

"వేరు ఎప్పుడు పడతాది?"

"అది రాయలేదు."

ఆ మాట చెప్పకుండా ఉండవలసింది. మరునాటి నుంచి ఆయన ఆఫీసుకు పోయేముందు ఒక పుల్లను మెల్లగా పైకి లాగి అడుగున చూసి, మళ్ళీ గుచ్చి, చుట్టూ మట్టి నొక్కి పోయేవాడు. ఎంత జాగ్రత్తగా చేసేవాడో! నిద్రపోతున్న పిల్లవాడి దుప్పటి తీసి చూసినట్టు చూసేవాడు. పుల్లలు ఒకటొకటిగా వాడి, ఎండి, విరిగిపోయాయి.

ఒక ఎండిన పుల్లను జేబులో పెట్టుకొని పెనుకొండ పోయి అవ్వకు చూపించాడు. నేనూ ఉన్నాను.

"ఇదేందప్పా, పండ్లు తోముకొనే పుల్ల తెచ్చినావు? నా నోట్లో ఏముందని?"

"నీ చెట్టే అవ్వా. చిగురు బాగా వచ్చింది. వేరు మాత్రం పడలేదు. రోజూ చూస్తానే ఉంటి."

"ఎట్ల చూస్తాంటివి?"

ఆయన పుల్లను బండ పక్కన మట్టిలో గుచ్చి, లాగి, చూపించాడు. అవ్వ నశ్యం డబ్బీ మూత మూసేసింది. అది ఆమె పెద్ద మాట అనబోయేముందు చేసే పని.

"కడుపుతో ఉండేదాన్ని రోజూ పొద్దున్నే కోసి, లోపల బిడ్డ ఎంతొచ్చిందో చూసి మళ్ళీ కుట్టేస్తే అది కంటాదా?"

"తెలియాల గదా అవ్వా, వేరొచ్చిందో లేదో."

"నీకెందుకు తెలియాల? దానికి తెలిస్తే చాలదా?"

ఆయన ఒప్పుకున్నాడు. వానలు పడ్డాక మళ్ళీ కొమ్మలు కోసుకుపోతానన్నాడు. కానీ ఇంటాయనకు మేస్త్రీ ముందే దొరికాడు. ఒకరోజు అవ్వ బడ్డీకొట్టు ఫోన్ నుంచి ఆయన ఆఫీసుకు ఫోన్ చేయించింది. చెట్టు కొట్టేశారు, త్వరగా రమ్మని. మేము మొదటి ప్యాసింజరుకే పోయాం.

మొద్దును అప్పటికే బండి మీద ఎత్తుకుపోయారు. కొమ్మలు పెరట్లో కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్ప మీద అవ్వ కాళ్ళు ముడుచుకొని కూర్చుంది, చేతిలో కట్టె. చుట్టూ వీధిలోని మేకలన్నీ నిలబడి ఉన్నాయి. మేము కనపడగానే ఆమె లేవకుండానే అరిచింది.

"వస్తాండారా? పొద్దున్నుంచి వీటితోనే నాకు కచేరి. ముందరి కాళ్ళు ఎత్తి నా నెత్తిన పెడతాండాయి. చీర కొంగు కూడా ఒకటి తినె."

ఆమె కూర్చున్నంత మేర కొమ్మలు మేకల నోట పడకుండా మిగిలాయి. అదే మాకు దక్కింది.

కొమ్మలను తడిపిన గోనెసంచిలో చుడుతున్నప్పుడు నేను మా ఆయనతో ఒక షరతు పెట్టాను. ఇవే చివరివి, ఇంక చెట్టు లేదు. అన్నీ ఆయన చేతికి అందే చోట ఉండకూడదు. సగం ఎక్కడైనా దూరంగా ఉంచాలి. ఆయన నొచ్చుకున్నాడు. అవ్వ వైపు చూశాడు.

"ఆయమ్మ చెప్పింది సరే" అంది అవ్వ. "నీ చేతులు మంచివే. వాటికి పని లేకుంటేనే కష్టం."

నేను, అవ్వ, ఆమె ట్రంకుపెట్టె, సగం పుల్లలు హిందూపురం రైలు ఎక్కాం. ఆయన మిగతా సగంతో ఎదురు దిక్కుకు, ధర్మవరం పోయాడు.

అక్కడ జరిగింది ఆయన తరువాత చాలాసార్లు చెప్పాడు. వాళ్ళ నాయన, అంటే మా మామగారు, మగ్గం మీద ఉన్నారు. గోనెసంచి విప్పి చూపిస్తే దిగి వచ్చారు. ఒక ఆకు తెంపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, చీర అంచును చూసినట్టు నలిపి చూశారు.

"గరుకుగా ఉండాదే. ఇది తినా ఆ పురుగు అంత నున్నగా తీస్తాది?"

"అవును నాయనా."

"మరి మనం తినేది ఏమన్నా నున్నగా ఉండాదా!" అని ఇంట్లోకి వినపడేటట్టు అన్నారట. ఇంట్లోంచి దానికి జవాబు కూడా వచ్చిందట.

గుంతమగ్గం ఉన్న ఇళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. నేసే మనిషి కాళ్ళు పెట్టుకొని తొక్కడానికి నేలలో గుంత ఉంటుంది. అది ఎప్పుడూ చల్లగా, చెమ్మగా, చీకటిగా ఉంటుంది. మామగారు పుల్లల కట్టను తడిగోనెతో సహా ఆ గుంతలో ఒక మూలకు తోసి, "ఈడుంటాయిలే, నువ్వు పో" అన్నారు. మట్టిలో గుచ్చాలి అని కొడుకు చెప్పినదానికి తల ఊపారు. మరునాటికి మరిచిపోయారు. ఆయనకు మగ్గం మీద పెళ్ళిచీర ఉంది, కొమ్మలూ రెమ్మలూ అన్నీ ఆ చీరలోనే ఉన్నాయి.

హిందూపురం పుల్లలకు అవ్వ స్వయంగా కాపలా కూర్చుంది. మా ఆయన డబ్బాల వైపు చెయ్యి చాపితే చీపురుపుల్లతో ఒకటి అంటించేది. అయినా ఆమెకు మధ్యాహ్నం ఒక కునుకు పట్టేది. ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉండేవాడు. ఆ రెండూ కలిసే చోట పుల్లలు నష్టపోయేవి. పైగా ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి, కొళాయి కూడా దాన్ని చూసి నేర్చుకుంది. నేను దిద్దే బడిపిల్లల కాపీలు వాకిట్లో పెట్టుకొని అప్పుడప్పుడు తలెత్తి చూసేదాన్ని. చివరి పుల్ల ఎండిన రోజు అవ్వ డబ్బాలన్నీ బోర్లించి మట్టి దులిపి ఒకదానిమీద ఒకటి పెట్టించింది. ఆ తరువాత పండు మాట ఎత్తలేదు. అన్నంలో మజ్జిగ పోసుకొని, పిసికి, మింగి, లేచేది. మా ఆయన ఆమె ఎదుట కూర్చొని తినడం మానేసి వంటింట్లో నిలబడి తినేవాడు.

ధర్మవరంలో పెళ్ళిచీరల పడుగు అయిపోయి, మగ్గం మీంచి కోసి, కొత్త పడుగు ఎక్కించే ముందు గుంత శుభ్రం చేశారట. అప్పుడు మామగారికి కాలికి గోనె తగిలింది. ఎలుక చచ్చిందేమోనని బయటికి లాగారు. విప్పి చూస్తే పుల్లల అడుగున బొరుగులు అంటుకున్నట్టు తెల్లటి బుడిపెలు, కొన్నింటికి దారపు పోగంత వేళ్ళు. కొడుక్కు కబురు పెట్టలేదు. ఉన్నపళంగా పాత పంచె తడిపి చుట్టి, ఒళ్ళో పెట్టుకొని రైలెక్కి మా ఇంటికే వచ్చేశారు. తలుపు తీసిన మా ఆయన చెయ్యి చాపితే కట్టను ఎత్తి పట్టుకున్నారు.

"నువ్వు జరుగు. ఆ పెద్దమ్మ యాడుండాది?"

ఆ పుల్లలను అవ్వ చేతుల్లో పెట్టారు. గుంత మా ఆయనే తవ్వాడు, అంతవరకు అనుమతి ఉంది. నాటింది అవ్వ. మామగారు చుట్టూ ముళ్ళకంప నాటించారు. వీధిలో ఎవరో మేకల కోసమా అని అడిగితే అవ్వ "ఒక మేకే. పొద్దున్నే ఆఫీసుకు పోతాది" అంది.

వాటిలో ఒకటి నిలబడింది. నిలబడ్డాక దాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. మా ఆయన కంప బయట పీట వేసుకొని స్నానం చేసేవాడు, నీళ్ళు అటు జారేటట్టు. ఆకులు అరచేయంత, తరువాత విస్తరంత వచ్చాయి. చెట్టు గోడ దాటింది. పక్కింటివాళ్ళకు నీడ కూడా పడింది. పండు మాత్రం లేదు. ఒక వేసవి పోయింది. ఇంకొకటి కూడా పోయింది. అవ్వకు చూపు తగ్గుతోంది, నడుము వంగింది. రోజూ చెట్టు కింద నిలబడి కొమ్మను కిందికి వంచి ముక్కుకు తగిలేంత దగ్గరగా చూసేది.

"ఆకు బాగుండాది" అనేది. "నేనేమన్నా పురుగునా?"

ఆఫీసులో ఎవరో అది మగచెట్టేమోనన్నారని మా ఆయన ఒకరోజు నాతో మెల్లగా చెప్పాడు. తల్లిచెట్టు కాసింది కదా, దాని కొమ్మే కదా అంటే కొంచెం కుదుటపడ్డాడు. తొంభైల చివర్లో, చలి పోతున్న రోజుల్లో ఒక పొద్దున అవ్వ చెట్టు దగ్గర నుంచి పిలిచింది. ఒక్క కొమ్మకు, ఆకు తొడిమల దగ్గర, మిరియమంత ఆకుపచ్చటివి ఏవో కనపడుతున్నాయి. ఆ రోజు మా ఆయన ఆఫీసుకు ఆలస్యంగా పోయాడు.

ఆ వారంలోనే మా మేనమామ వచ్చాడు. గూళ్ళు మార్కెట్లో వేసి, బస్సు దాటిపోతే మా ఇంట్లో పడుకున్నాడు. మేనమామ చాలా మంచివాడు. ఎవరింటికి పోయినా ఊరికే కూర్చోలేడు. నీళ్ళు తోడుతాడు, కట్టెలు కొడతాడు, విరిగిన మంచం అల్లుతాడు. తెల్లవారి మేము లేచి పెరట్లోకి పోయేసరికి పెరడు ఎన్నడూ లేనంత వెలుతురుగా ఉంది.

చెట్టు లేదు. మోకాలి ఎత్తున మోడు ఒకటి ఉంది. పక్కనే ఆకుల మోపు పొందికగా కట్టి ఉంది. మేనమామ కొడవలి కడుగుతూ మా వైపు సంతోషంగా చూశాడు.

"రేష్మె చెట్టును ఇట్లా వదిలేస్తారా పాపా ఎవరన్నా? ముదిరిపాయె. అడుగుకంటా కోసేసినా. ఇంక చూడు, సొప్పు ఎట్ల వస్తాదో! లేత లేత ఆకు."

మేమిద్దరం మోడు వైపే చూస్తున్నాం. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. "సొప్పు మీకు అవసరం లేదనే గదా మోపు కట్టినా" అన్నాడు నా వైపు చూసి. "బస్సులో ఏసుకొని పోతా. మీరు పారేసేదే గదా?"

అవ్వ వచ్చింది. మోడును చేత్తో తడిమింది. పైన ఏమైనా ఉందేమో అని చెయ్యి ఇంకొంచెం ఎత్తి గాలిలో వెతికింది. డబ్బీ మూత మూసింది.

"నా ముక్కుపొడి నీ పురుగులకు పడదంటే ఇల్లిడిచి వచ్చేసినా. ఈడ కూడా నా పండ్లు నీ పురుగులకేనారా?"

"పండ్లా? రేష్మె చెట్టుకు పండ్లెవరు తింటారమ్మా?"

"పన్నులేనోళ్ళు తింటార్రా. నిన్ను కన్నోళ్ళు తింటారు."

అప్పుడు మేనమామకు సంగతంతా చెప్పాను. పెనుకొండ చెట్టు, డబ్బాలు, మేకలు, మగ్గం గుంత. ఆయన విన్నంతసేపూ కొడవలిని వెనక దాచి పట్టుకున్నాడు, అది ఇంకా ఎవరూ చూడనట్టు. మోపు అక్కడే వదిలేసి, కాఫీ కూడా తాగకుండా పోయాడు. కొన్ని రోజులకు మడకశిర బస్సు కండక్టరు ఒక మూట మా గడపలో దించి, ముక్కు మూసుకొని, "ఇంకోసారి గొర్రె ఎరువు నా బస్సులో ఏయొద్దని మీ మామకు చెప్పండమ్మా" అన్నాడు.

మా ఆయన కోపం వస్తే మాట్లాడేవాడు, బాధ కలిగితే పని చేసేవాడు. మోడును చూసిన పొద్దునే నరికిన కొమ్మలన్నీ ఏరి, పుల్లలు చేసి, కట్టలు కట్టి, తడిగుడ్డలు చుట్టి, నీళ్ళ తొట్టి వెనక చీకట్లో పెట్టాడు. నా చేతికి తాళం చెవి ఇచ్చినట్టు, "నన్ను ఆ వైపు రానియ్యొద్దు" అన్నాడు. వేళ్ళు వచ్చాక వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పంచాడు. ఆ వీధిలో ఈనాటికీ కొన్ని ఇళ్ళ ముందు ఆ చెట్లు ఉన్నాయి. ఎవరు నాటారో కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియదు.

మోడుకు మేనమామ పంపిన ఎరువు వేశాం. చిగుళ్ళు గుత్తులుగా పొడుచుకొచ్చాయి. జానెడు పెరిగేసరికి ప్రతి ఆకు మొదట్లో నూగులాంటి ఆకుపచ్చటి ముద్దలు కనపడ్డాయి, కింది నుంచి కొస దాకా. మా ఆయన హడలిపోయాడు. ఏదో పురుగు గుడ్లు పెట్టిందని నిర్ణయించి, వేపనూనె నీళ్ళలో కలిపి చిలకరించబోయాడు. అవ్వ అరుపుకు ఆగాడు. ఆమె వచ్చి ఒకదాన్ని వేలికొసతో తడిమింది, తేలుకాటు చూసే వైద్యుడిలాగా, చాలాసేపు.

"పురుగు గాదు, పాడూ గాదు. కాయ" అంది. "నీ నూనె నువ్వు తాగు."

పాత కొమ్మల్లో ఒక్కదానికే వచ్చిన కాపు, కోసిన మోడుకు కొమ్మకొమ్మకూ వచ్చింది. మేనమామ తోటలో కూడా కోసినాక ఇలా వస్తాయట. ఆకుతోపాటే పురుగులకు వేసేస్తారు, ఎవరూ చూడరు. ఈ సంగతి ఆయనే తరువాత వచ్చినప్పుడు చెప్పాడు, కొంచెం ధైర్యం తెచ్చుకొని.

ఆ వచ్చిన రోజే మొదటి పండ్లు నల్లబడ్డాయి. పికిలిపిట్టలు కనిపెట్టకుండా మా ఆయన పాత దోమతెర కప్పి ఉంచాడు. ఆ పండ్లను స్టీలు గిన్నెలోకి కోసి తెచ్చాడు. అవ్వ పెరటి మెట్టు మీద కూర్చుంది. గిన్నె ఒళ్ళో పెట్టుకొని, ఒకటి తీసి నాలుక మీద వేసుకొని, నోరు మూసింది. మా ఆయన ఆమె ఎదుట నిలబడ్డాడు. మేనమామ గోడకు ఆనుకొని, చేతులు కడుక్కొని, తుడుచుకొని మరీ నిలబడ్డాడు. ఇద్దరు పెద్దమనుషులు ఒక ముసలామె బుగ్గల వైపు అంత తదేకంగా చూడటం నేను మళ్ళీ చూడలేదు.

ఆమె మింగింది. రెండోది వేసుకుంది.

"ఏమవ్వా?" అన్నాడు మా ఆయన.

"పెనుకొండది ఇంకా నల్లగా ఉండె."

మూడోది.

"తీపి తక్కువమ్మా?" అన్నాడు మేనమామ.

"ఊఁ. ఈ నీళ్ళకు ఇంకెట్ల వస్తాది? వీడు స్నానం చేసిన నీళ్ళు."

ఇంకొకటి వేసుకుంది. ఇంకొకటి. మా ఆయన భుజాలు కొంచెం జారాయి. ఆయనకు కావలసిన మాట ఒకటుంది, అది ఆమె నోట్లోంచి రావడం లేదు, పండ్లు మాత్రం లోపలికి పోతున్నాయి. ఆమె పెదవులు ఊదారంగుకు తిరిగాయి, గడ్డం మీద ఒక చుక్క జారింది, అది కూడా వేలితో తీసి నాకింది. గిన్నె అడుగున మిగిలిన రసాన్ని వంచి తాగింది. గిన్నెను పక్కన పెట్టి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చెట్టు వైపు చూసింది.

"ఆ తెర కింద, ఆ మూల కొమ్మకు, ఏందో నల్లగా కనిపిస్తాండాది. నా కండ్లకు ఆనదు. నువ్వు చూడప్పా."

ఆయన అప్పటికే తెర ఎత్తుతున్నాడు.